తప్పనిసరి బయాస్ ట్రైనింగ్‌పై ఉద్యోగుల అభిప్రాయం: ఎలా అడగాలి, ఎలా చదవాలి

ట్రైనింగ్ ముగిసిన పది నిమిషాల్లో అందరికీ ఒక లింకు వెళ్తుంది. సెషన్ ఎలా ఉంది, ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారు అని అడుగుతుంది. సగటు నాలుగు దాటితే కార్యక్రమం విజయవంతమైందని నివేదికలో రాసేస్తారు. అన్‌కాన్షస్ బయాస్ ట్రైనింగ్ (తమకే తెలియకుండా మనసులో ఉండే పక్షపాతాన్ని తగ్గించాలని ఇచ్చే శిక్షణ) విషయంలో ఆ అంకె దాదాపు ఏమీ చెప్పదు. హాజరు తప్పనిసరి, విషయం సున్నితం, జవాబు ఎవరి కంట పడుతుందో తెలియదు. అలాంటప్పుడు ఎవరైనా తమకు ఇబ్బంది తేని జవాబే ఇస్తారు. ఆ నాలుగు మార్కుల్లో ట్రైనర్ బాగా మాట్లాడారన్న మెప్పు ఎంత, త్వరగా వదిలేశారన్న సంతోషం ఎంత, ఎందుకొచ్చిన గొడవన్న జాగ్రత్త ఎంత అన్నది తర్వాత ఎవరూ విడదీయలేరు.

కింద చెప్పేది హెచ్ఆర్ వాళ్లకు, ట్రైనింగ్ బాధ్యత చూసేవాళ్లకు, ఉద్యోగుల ప్రతినిధులకు పనికొస్తుంది. ఉద్యోగులు నిజంగా ఏమనుకుంటున్నారో వాళ్ల మీదకు ఏ ముప్పూ రాకుండా తెలుసుకోవడం, తెలిసినదాన్ని బట్టి ఏదో ఒకటి మార్చడం, ఈ రెండే లక్ష్యాలు.

అభిప్రాయం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

ట్రైనింగ్‌ల ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూసే పద్ధతిని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించారు: జనం ఎలా స్పందించారు, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మార్చుకున్నారు, సంస్థలో ఏం మారింది. అభిప్రాయ సేకరణ మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది. జాగ్రత్తగా అడిగితే రెండో మెట్టు, మూడో మెట్టు గురించి కొంత ఆనవాలు దొరుకుతుంది. అంతకు మించి ఆశించకూడదు.

పరిశోధన చెబుతున్నదీ ఇదే. 2019లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ 492 అధ్యయనాలను, 87 వేల మందికి పైగా పాల్గొన్నవారి వివరాలను కలిపి చూసింది. మనసులోని తెలియని పక్షపాతాన్ని కొలిచే పరీక్షల స్కోరును కొద్దిగా కదిలించవచ్చని, కానీ ఆ కదలిక వల్ల ప్రవర్తన మారినట్టు ఆధారం లేదని తేల్చింది. అదే ఏడాది ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థలో మూడు వేల మంది ఉద్యోగులతో గంటసేపు సాగే ఆన్‌లైన్ ట్రైనింగ్‌ను పరీక్షించారు. కొందరి వైఖరిలో మార్పు కనిపించింది గానీ నడవడికలో పెద్దగా కనిపించలేదు.

అందుకే "ఈ ట్రైనింగ్ తర్వాత నాలో పక్షపాతం తగ్గింది" అన్న ప్రశ్నను ఫారంలోంచి తీసేయండి. తనకు తెలియని పక్షపాతం తగ్గిందో లేదో చెప్పమని మనిషినే అడగడం కుదరని పని. పైగా మర్యాద కోసమైనా చాలామంది అవుననే అంటారు. ఆ అవును రేపు యాజమాన్యం ముందు రుజువుగా నిలబడుతుంది. అసలు ప్రమాదం అదే.

ఉద్యోగులు నమ్మకంగా చెప్పగలిగేవి వేరే ఉన్నాయి. తప్పనిసరి అన్న మాట వాళ్లకు ఎలా చేరింది, సెషన్‌లో తమను ఎలా చూశారు, నేర్చుకున్నదాన్ని వాడే వీలు తమ పనిలో ఉందా, ఆఫీసులో అన్యాయం ఎక్కడ జరుగుతోందని వాళ్లకు అనిపిస్తోంది. వీటిలో చివరిది అన్నిటికంటే విలువైనది. చాలా సర్వేల్లో దాని ఊసే ఉండదు.

ముందుగా ఒక కాగితం

ప్రశ్నలు రాయకముందే, జవాబులను బట్టి ఏ నిర్ణయాలు మారతాయో ఒక పేజీలో రాసి, ఆ నిర్ణయం తీసుకోగలిగిన వ్యక్తి చేత సంతకం పెట్టించండి. వచ్చే ఏడాది హాజరు తప్పనిసరిగా ఉంచాలా, నిడివి మార్చాలా, మేనేజర్లకు విడిగా పెట్టాలా, ఆ బడ్జెట్‌ను ఇంటర్వ్యూ పద్ధతి సరిచేయడానికి మళ్లించాలా, ఇలా. ఏ నిర్ణయమూ మారనప్పుడు సర్వే పెట్టకండి. అడిగి ఏమీ చేయకపోతే, రెండోసారి అడిగినప్పుడు చాలామంది లింకు తెరవను కూడా తెరవరు.

"తప్పనిసరి"ని ట్రైనింగ్ నుంచి విడదీయండి

ఎక్కువ సర్వేలు చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది. పాఠం నచ్చినా బలవంతం నచ్చనివాళ్లు ఉంటారు. బలవంతం సరేగానీ పాఠం పసలేదనేవాళ్లూ ఉంటారు. రెండింటికీ కలిపి ఒకే మార్కు అడిగితే ఈ ఇద్దరూ ఒకే అంకె వేస్తారు, వాళ్లకు కావలసిన పరిష్కారాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి.

ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల సమాచారాన్ని పరిశీలించి 2016లో వివరాలు ప్రకటించారు. మేనేజర్లకు డైవర్సిటీ ట్రైనింగ్ (వేర్వేరు వర్గాలవారిని సమానంగా చూడటంపై ఇచ్చే శిక్షణ) తప్పనిసరి చేసిన ఐదేళ్లకు, మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. ఆసియా మూలాలున్న అమెరికన్ల వాటా 4, 5 శాతం మేర తగ్గింది. ఇష్టమైనవాళ్లే హాజరైన చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఇష్టానికి వదిలేసే కంపెనీలు మిగతా విషయాల్లోనూ భిన్నంగా ఉండవచ్చు కాబట్టి, దీన్ని తుది తీర్పులా తీసుకోనక్కర్లేదు. అయినా నిర్బంధానికి ఎదురుతిరిగే గుణం మనుషుల్లో ఉందన్నది ప్రయోగాల్లోనూ కనిపించింది. పక్షపాతం మానుకోవాల్సిందేనని ఒత్తిడి చేసే కరపత్రం చదివినవాళ్లలో, ఏ ప్రేరణా ఇవ్వనివాళ్లతో పోల్చినా పక్షపాతం పెరిగిందని 2011 నాటి ఒక అధ్యయనం చూపింది. ఎందుకు మానుకుంటే మేలో వివరించిన కరపత్రం అలా బెడిసికొట్టలేదు.

కాబట్టి ఫారంలో మూడు భాగాలు పెట్టండి: హాజరు గురించి, సెషన్ గురించి, ఆఫీసు గురించి. ఒక్కో భాగానికి మూడు, నాలుగు ప్రశ్నలు. మొత్తం పన్నెండు దాటకూడదు, ఆరేడు నిమిషాల్లో పూర్తవ్వాలి.

ప్రశ్నలు

ఒక వాక్యం ఇచ్చి, ఒప్పుకుంటారా ఒప్పుకోరా అని అడిగే పద్ధతి ఇక్కడ మంచిది కాదు. ఏది చెప్పినా సరేనని తలూపే అలవాటు చాలామందిలో ఉంటుంది, తప్పనిసరి కార్యక్రమం విషయంలో అది ఇంకా పెరుగుతుంది. దానికి బదులు ప్రశ్నకు తగ్గ జవాబులే ఇవ్వండి. వాడదగ్గ నమూనాలు ఇవి:

- హాజరు మీ ఇష్టానికే వదిలేసి ఉంటే ఈ సెషన్‌కు వచ్చేవారా? (తప్పకుండా / బహుశా / బహుశా రాను / కచ్చితంగా రాను)
- దీన్ని ఎందుకు తప్పనిసరి చేశారో మీకు ముందుగా చెప్పారా? (చెప్పారు / చెప్పలేదు / గుర్తులేదు)
- చెప్పి ఉంటే, ఆ కారణం మీకు ఎంత నమ్మదగినదిగా అనిపించింది?
- సెషన్‌లో మీకు ఒక అభ్యంతరం ఉంటే దాన్ని పైకి చెప్పే వీలు ఎంతవరకు ఉంది?
- మీ వర్గం తరఫున మాట్లాడమని గానీ, మీ అనుభవం చెప్పమని గానీ సెషన్‌లో ఎవరైనా మిమ్మల్ని అడిగారా?
- గత మూడు నెలల్లో మీరు ఇంటర్వ్యూ చేయడం, పనితీరు అంచనా వేయడం, పనులు పంచడం, వీటిలో ఏవి చేశారు?
- ఆ సందర్భాల్లో సెషన్‌లో చెప్పిన పద్ధతి ఏదైనా వాడారా? వాడితే ఏది? వాడకపోతే ఏది అడ్డొచ్చింది?
- మన ఆఫీసులో ఏ నిర్ణయాలు అందరికీ ఒకేలా జరగడం లేదని మీకు అనిపిస్తుంది? (ఎంపిక / ప్రమోషన్ / జీతం పెంపు / మంచి ప్రాజెక్టులు / సెలవులు / మీటింగుల్లో మాట్లాడే అవకాశం / ఏవీ కాదు)
- ఈ సెషన్‌లో ఒక భాగం తీసేయాలంటే ఏది తీసేస్తారు? ఒకటి తప్పక ఉంచాలంటే ఏది?

రెండో ప్రశ్ననూ మూడో ప్రశ్ననూ కావాలనే విడగొట్టాం. "కారణం స్పష్టంగా, నమ్మదగినట్టు చెప్పారా" అని ఒకేసారి అడిగితే, స్పష్టంగా చెప్పినా నమ్మకం కలగనివారు ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఆరో ప్రశ్న కూడా అంతే ముఖ్యం. ఎవరినీ ఎంపిక చేయని, ఎవరికీ రేటింగ్ ఇవ్వని ఉద్యోగి "ఏమీ వాడలేదు" అనడం సహజం. అలాంటి జవాబులను మేనేజర్ల జవాబులతో కలిపేస్తే ట్రైనింగ్ మొత్తానికే పనికిరానిదిగా కనిపిస్తుంది.

పంపేముందు ఐదారుగురిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ప్రశ్ననూ వాళ్లు ఏమని అర్థం చేసుకున్నారో పైకి చెప్పించండి. ముగ్గురు మూడు రకాలుగా చెబితే ఆ ప్రశ్నను తిరగరాయాల్సిందే.

పేరు బయటపడకుండా చూడటం

ఇక్కడ తడబడితే మిగతా శ్రమంతా వృథా. సర్వే మీద పేర్లు అడగడం లేదని రాయడం సరిపోదు. ప్రతి ఒక్కరికీ వేరే లింకు పంపితే ఎవరి జవాబేదో టూల్‌కు తెలుస్తుంది. అలాంటప్పుడు దాన్ని పేరులేని సర్వే అనకూడదు, జవాబులు గోప్యంగా ఉంచుతామని మాత్రమే చెప్పాలి, ఎవరెవరు చూడగలరో కూడా చెప్పాలి. నిజంగా పేరు తెలియకూడదనుకుంటే అందరికీ ఒకే లింకు ఇచ్చి, లాగిన్ అడగడం ఆపేసి, ఐపీ అడ్రస్ నమోదును టూల్ సెట్టింగుల్లో తీసేయండి. ఎగుమతి చేసిన ఫైలులో జవాబిచ్చిన సమయం ఉన్న నిలువు వరుసను (కాలమ్‌ను) చెరిపేయండి. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో ఒక్కరే ఉన్నారని తెలిసిన మేనేజర్‌కు ఆ వరుస ఒక్కటే చాలు.

తర్వాతిది వివరాల జోడింపు. డిపార్ట్‌మెంట్, జెండర్, వయసు, అనుభవం అన్నీ అడిగితే, పేరు లేకపోయినా ఆ నాలుగూ కలిసి ఒక్క మనిషినే చూపించవచ్చు. నిర్ణయానికి అవసరమైన ఒకటి రెండు వివరాలే అడగండి, ప్రతిదానికీ "చెప్పదలచుకోలేదు" అన్న అవకాశం ఇవ్వండి. ఏ గుంపులోనైనా పది కంటే తక్కువ జవాబులుంటే ఆ గుంపు అంకెలు ప్రకటించవద్దు. ఐదు చాలనే సంస్థలూ ఉన్నాయి గానీ, ఇంత సున్నితమైన విషయానికి పది మేలు.

తక్కువున్న గుంపును దాచినా తీసివేతతో అది బయటపడుతుంది. ఒక జట్టులో పదిహేను మంది జవాబిచ్చారు, సగటు 3.6 అని ప్రకటించారనుకోండి. అందులో పన్నెండు మంది మహిళలు, వాళ్ల సగటు 4.0 అని కూడా వేశారు. మగవాళ్లు ముగ్గురే కాబట్టి వాళ్ల అంకె దాచారు. 15ను 3.6తో హెచ్చిస్తే 54, 12ను 4తో హెచ్చిస్తే 48. మిగిలింది 6, ముగ్గురికి పంచితే సగటు 2. దాచిన అంకె క్షణంలో తేలిపోయింది. అందుకే ఒక గుంపును దాచాల్సి వస్తే దాని జంట గుంపునూ దాచాలి, లేదా మొత్తం అంకె ఒక్కటే ఇవ్వాలి.

రాతపూర్వక వ్యాఖ్యలను ఉన్నవున్నట్టు మేనేజర్లకు పంపకండి. వాక్యం తీరును బట్టి, ఒక సంఘటన ప్రస్తావనను బట్టి రాసినవారెవరో తెలిసిపోతుంది. సారాంశం రాయండి, మాటలు యథాతథంగా చూపాల్సి వస్తే గుర్తుపట్టే వివరాలు తీసేయండి. నలభై మంది లోపు ఉండే సంస్థల్లో గుంపులవారీ విభజన వద్దేవద్దు. సంస్థకు సంబంధంలేని వ్యక్తి చేత మొత్తం జవాబులు చదివించి, సారాంశం మాత్రమే తెప్పించుకోవడం క్షేమం.

వేధింపు, వివక్ష గురించిన ఫిర్యాదును ఎవరైనా ఈ సర్వేలో రాయవచ్చు. పేరు లేని ఫారం ఆధారంగా విచారణ జరపడం కష్టం. కాబట్టి ఇది ఫిర్యాదు మార్గం కాదని, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి. అయినా ఒకరు రాస్తే చూసీచూడనట్టు వదలకండి. ఏ విభాగంలో ఏ రకమైన సమస్య ఉందో సంబంధిత అధికారికి తెలియజేయండి, రాసినదెవరో వెతికే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

ఎప్పుడు అడగాలి

రెండుసార్లు. మొదటిది సెషన్ అయిన రెండు మూడు రోజులకు, హాజరు గురించి, సెషన్ గురించి. అదే రోజు అడిగితే ట్రైనర్ మీది అభిమానమో విసుగో అంతా కమ్మేస్తుంది. రెండోది మూడు నెలల తర్వాత, ఏం వాడారు, ఏం అడ్డొచ్చింది అని. సాధ్యమైతే ఆ మధ్యలో ఒక నియామకాల దశో, పనితీరు సమీక్షో ఉండేలా చూడండి. లేకపోతే వాడే సందర్భమే వచ్చి ఉండదు.

ఫారం పది పనిదినాలు తెరిచి ఉంచండి. మూడో రోజున, ఏడో రోజున ఒక్కోసారి గుర్తుచేయండి. ఆ సందేశం మేనేజర్ల నుంచి వెళ్లకూడదు. పూర్తిచేశారా అని మేనేజర్ అడిగితే అది ఇంకో నిర్బంధమే అవుతుంది. హాజరు తప్పనిసరైనా అభిప్రాయం చెప్పడం ఎప్పుడూ ఐచ్ఛికమే.

ఐదు వందల మందిలో రెండు వందల మంది జవాబిస్తే చాలా అన్న ప్రశ్న వస్తుంది. అంకె కంటే, మౌనంగా ఉన్నది ఎవరన్నది ముఖ్యం. ఒక విభాగం నుంచి డెబ్బై శాతం, ఇంకో విభాగం నుంచి పదిహేను శాతం జవాబులొస్తే, ఆ పదిహేను శాతమే మీకు దొరికిన అతి పెద్ద సమాచారం. అక్కడ భయమో, నమ్మకం పోవడమో ఉండి ఉంటుంది, లేదా షిఫ్టుల వల్ల లింకు తెరిచే వీలే లేకపోయి ఉంటుంది. మూడోది ముందుగా కనుక్కోండి, అది సులువుగా తేలుతుంది.

ముఖాముఖి బృందాలు

సర్వేలో తేలని విషయాల కోసం ఆరుగురు నుంచి ఎనిమిది మందితో గంటన్నర మించని సంభాషణలు పెట్టండి. ఒకే బృందంలో మేనేజర్‌ను, ఆయన కింద పనిచేసేవాళ్లను కలపకండి. నడిపేవారు ట్రైనింగ్ ఇచ్చినవారు కాకూడదు, దాన్ని కొన్నవారూ కాకూడదు. రికార్డింగ్ బదులు నోట్సు రాసుకోండి, పేర్లు వద్దు. "మీకు ఏమైనా పక్షపాతం ఎదురైందా" అని మొదలుపెడితే గది బిగుసుకుపోతుంది. "ఇక్కడ మంచి ప్రాజెక్టు ఎవరికి ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు" అని అడగండి. మాట తనంతట తానే అసలు సంగతి వైపు వస్తుంది.

వ్యతిరేకతను చదవడం

వ్యాఖ్యలను ఇద్దరు వ్యక్తులు విడివిడిగా చదివి పది పన్నెండు తరగతులుగా గుర్తించాలి. మొదటి యాభై వ్యాఖ్యల తర్వాత పోల్చుకోవాలి. తేడాలెక్కువుంటే తరగతుల నిర్వచనాలు సరిగా లేవని అర్థం. అన్నిటినీ "వ్యతిరేకత" అనే ఒకే బుట్టలో వేయడం ఘోరమైన పొరపాటు, ఎందుకంటే ఒక్కో అభ్యంతరం వెనక ఒక్కో కారణం ఉంది.

"మమ్మల్ని తప్పు చేసినవాళ్లలా చూశారు" అన్నది ఎక్కువగా వస్తే భాషను, ఆహ్వానాన్ని సరిచేయాలి. ఏదో సంఘటన జరిగిన వెంటనే కారణం చెప్పకుండా అందరినీ పిలిస్తే అది శిక్షలాగే కనిపిస్తుంది.

"పైవాళ్లు రాలేదు" అనేదానికి వివరణ అవసరం లేదు. తప్పనిసరి అన్నప్పుడు డైరెక్టర్లకూ తప్పనిసరే, వాళ్లు మిగతావారితో పాటే అదే సెషన్‌లో కూర్చోవాలి.

"ఆ టెస్టును నమ్మలేం" అనేవాళ్లను మొండివాళ్లని తోసేయకండి, వాళ్ల మాటలో బలం ఉంది. ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్టును 1998లో ఆంథనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు ప్రవేశపెట్టారు. రెండు కీలు నొక్కుతూ మాటలను, బొమ్మలను వర్గీకరించేటప్పుడు పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. పెద్ద గుంపుల ధోరణులు చూడటానికి అది పనికొస్తుంది. అదే మనిషి ఇంకోరోజు రాస్తే స్కోరు మారిపోవచ్చు కాబట్టి, ఒక వ్యక్తి గురించి తీర్పు చెప్పడానికి దాన్ని వాడకూడదు. మీ ట్రైనింగ్‌లో ఉద్యోగులకు వ్యక్తిగత స్కోర్లు చూపిస్తుంటే ఆ భాగాన్ని తీసేయడమే సరి.

"ఒక్క పూటలో ఏం మారుతుంది?" 2018 మే 29న కాఫీ సంస్థ స్టార్‌బక్స్ అమెరికాలోని దాదాపు 8,000 దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి సిబ్బందికి ఇలాంటి ట్రైనింగ్ ఇచ్చినప్పుడూ ఈ ప్రశ్నే వినిపించింది. పక్షపాత స్కోరును అప్పటికప్పుడు తగ్గించగలిగిన తొమ్మిది పద్ధతులను 2016లో పరిశోధకులు మళ్లీ పరీక్షిస్తే, ఆ ప్రభావాలు కొన్ని గంటల్లోనో కొద్ది రోజుల్లోనో చెదిరిపోయాయి. బ్రిటన్ ప్రభుత్వం కూడా ప్రవర్తనలో నిలిచే మార్పుకు ఆధారం లేదన్న కారణంతో 2020 డిసెంబర్‌లో తన సివిల్ సర్వీసులో ఈ ట్రైనింగ్‌ను నిలిపివేసే నిర్ణయం ప్రకటించింది. ఈ అభ్యంతరం చెప్పిన ఉద్యోగిది అనుభవజ్ఞానం. దాన్ని ప్రతికూల వైఖరిగా రాయడం అన్యాయం.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది "మళ్లీ మేమే వివరించాల్సి వచ్చింది" అన్న వ్యాఖ్య. సంఖ్యలో తక్కువగా ఉన్న వర్గాల నుంచి ఇది వస్తుంది, కాబట్టి మొత్తంలో కొద్ది శాతమే ఉంటుంది, సగటులో కనిపించదు. అందరి ముందూ తమ గాయాలు చెప్పుకోమని అడిగిన ట్రైనింగ్, ఎవరి కోసం పెట్టామంటున్నామో వాళ్లకే భారమవుతుంది. ఈ వ్యాఖ్య ఒక్కటి వచ్చినా ఆ అభ్యాసాన్ని ఆపండి. ఇక్కడ శాతాలు లెక్కపెట్టే పని లేదు.

తిరిగి చెప్పడం, మార్చడం

ఫారం మూసిన మూడు వారాల్లోపు రెండు పేజీల సారాంశం అందరికీ ఒకేసారి ఇవ్వండి, మేనేజర్లకు ముందుగా కాదు. ఎంతమంది జవాబిచ్చారు, నచ్చనివి ఏవి, ఏం మారుస్తున్నాం, ఏది మార్చడం లేదు, ఎందుకు. చివరి రెండూ లేని సారాంశం ఎవరికీ అక్కర్లేదు.

ఆఫీసులో నిర్ణయాలు ఎక్కడ ఒకేలా జరగడం లేదన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను విడిగా పట్టుకోండి. ఎంపిక పైకి వస్తే, ఒక పోస్టుకు అందరినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగడం, ప్రతి ప్రశ్నకూ ఇంటర్వ్యూ చేసినవారు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేయడం మొదలుపెట్టండి. ప్రమోషన్లు పైకి వస్తే, పేర్లు చూడకముందే ప్రమాణాలు రాసిపెట్టండి. మంచి ప్రాజెక్టులైతే, ఎవరికి ఏది ఇచ్చారో ఆరు నెలలు ఒక పట్టికలో నమోదు చేసి చూడండి. ఇవి మనుషుల మనసుల జోలికి వెళ్లవు, నిర్ణయం జరిగే తీరునే మారుస్తాయి. ట్రైనింగ్ బడ్జెట్‌తో పోలిస్తే ఖర్చూ తక్కువే.

మరుసటి ఏడాది మళ్లీ అడిగేటప్పుడు, హాజరు గురించిన మొదటి ప్రశ్న, అభ్యంతరం చెప్పే వీలు, వాడిన పద్ధతి, ఆఫీసులోని నిర్ణయాలు, ఈ నాలుగింటినీ అక్షరం మార్చకుండా అదే వరుసలో ఉంచండి. మిగతావి మార్చుకోవచ్చు. హాజరును ఐచ్ఛికం చేసి ఉంటే, ఈసారి సెషన్ గురించి జవాబిచ్చేవాళ్లు ఇష్టపడి వచ్చినవాళ్లే కాబట్టి మార్కులు పెరగడం సహజం. దాన్ని మెరుగుదలగా రాయకుండా, రానివాళ్లకు ఒక చిన్న ఫారం విడిగా పంపి, ఎందుకు రాలేదో అడగండి.